వెనక వరుసలో కళ్ళజోడు

జూన్ 9, సోమవారం

లెన్సుల కంపెనీవాళ్ళు ఏటా మా షాపుకి ఒక డైరీ ఇస్తారు. ఏటా మా ఆవిడ దాన్ని వంటింట్లో ఊగే బల్ల కాలి కింద పెడుతుంది. ఈసారి బల్ల మారింది, డైరీ మిగిలింది. నాకా, రాసే అలవాటు లేదు. సాయంత్రమయ్యేసరికి వాదించుకోవడానికి ఒక మనిషి ఉన్నవాడికి డైరీతో పనేముంటుంది? ఇప్పుడా మనిషి రావడం లేదు. అందుకని రాస్తున్నాను. ఎవరూ చదవరు కాబట్టి దస్తూరీ బాగుండాల్సిన పని కూడా లేదు.

ఆ మనిషి మా బావ. అక్క మొగుడు. పోయిన గురువారం మంత్రి అయ్యాడు. ఆరోగ్యమో విద్యో ఇస్తారనుకున్నాం, పరిపాలన శాఖ ఇచ్చారు. ప్రమాణ స్వీకారానికి నేనూ వెళ్ళాను. ఎప్పటిలాగే చివరి వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడా తడబడకుండా చదివాడు. బయటికొచ్చి చుట్టూ చూశాడు. నాకోసమే చూశాడు, నాకు తెలుసు. నేను చెయ్యెత్తేలోపు ఎవరో కారు తలుపు తీశారు, ఎక్కాడు, వెళ్ళిపోయాడు.

కొత్త మంత్రికి ఊపిరాడదు. రెండు మూడు రోజులు పోతే అదే తీరుతుంది.

జూన్ 10, మంగళవారం

ఫోన్ రాలేదు. నేనేం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చోలేదు. ఫోను కౌంటర్ మీద పెట్టుకున్నది టైము చూసుకోవడానికి.

జూన్ 12, గురువారం

హారన్ వచ్చాడు. ఎన్నికల్లో మా ప్రచారం బండి నడిపినవాడు. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొడతాడని బావే వాడికా పేరు పెట్టాడు. చేతిలో బిస్కెట్ల డబ్బా, మొహం నిండా పళ్ళు.

"అన్నా, నాకు ఆర్డరొచ్చింది. మంత్రిగారి పేషీలో డ్రైవర్ని."

తర్వాత నాకేం తెలియనట్టు పేషీ అంటే ఏమిటో పూసగుచ్చినట్టు చెప్పాడు. మంత్రిగారు తన ఇష్టప్రకారం ఎంచుకునే మనుషులట. కార్యదర్శి, టైపు చేసేవాళ్ళు, డ్రైవరు, అందరికీ పైన ఇద్దరు ప్రత్యేక సలహాదారులు. పరీక్షలుండవు, ఆయన ఫలానా మనిషి కావాలంటే ఫలానా మనిషే. "ఆయన ఉన్నన్నాళ్ళే మేమూ అన్నా. ఆయన దిగిపోయిన రోజే మేమూ దిగిపోతాం" అన్నాడు, అదేదో గొప్ప వరమైనట్టు.

"మరి మీ ఆర్డరు?"

"నాకెందుకురా ఆర్డరు? నాకు షాపుంది."

"అదేంటన్నా. మీరు లేకపోతే సారేం మాట్లాడతారు?"

మంచివాడు. వాడి కళ్ళజోడు మరలు వదులైతే బిగించి పంపాను. ఆర్డరు అందగానే వాడికి నేను గుర్తొచ్చాను. ఆ ఆర్డరు మీద సంతకం పెట్టినాయనకి రాలేదు.

జూన్ 15, ఆదివారం

షాపుకి సెలవు. అయినా వెళ్ళి వెనక గదిలో కూర్చున్నాను.

కళ్ళు పరీక్ష చేసే గది అది. ఇటు కుర్చీ, అటు గోడకి అక్షరాల బోర్డు. బావ కాలేజీలో లెక్చరర్‌గా ఉన్నప్పటి నుంచి ఈ కుర్చీ పక్కన నిలబడి, ఆ బోర్డు వైపు చూస్తూ ఉపన్యాసాలు సాధన చేసేవాడు. అన్నిటికన్నా కింద ఉన్న చిన్నక్షరాలే తన శ్రోతలనేవాడు. నేను ఫ్రేములు సాఫు చేసుకుంటూ వంకలు పెట్టేవాణ్ణి. ఈ మాట తీసెయ్ అంటే ఎందుకనేవాడు. నువ్వే నమ్మడం లేదు కాబట్టి అనేవాణ్ణి. ఉడుక్కుని లేచిపోయేవాడు. సందు చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, ఆ మాట కొట్టేసేవాడు.

సభల్లో మాకొక గుర్తుంది. నేను చివరి వరుసలో కూర్చుంటాను. కళ్ళజోడు తీసి తుడిచానంటే బావ అక్కడితో ఆపేయాలి, వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఎందుకని అక్కడ అడగకూడదు, ఫోన్లో అసలు అడగకూడదు, వెనక గదికొచ్చి అడగాలి. ఒక్కసారి చూసీ చూడనట్టు పోయాడు. బస్సు కార్మికుల మీద ఒక వేళాకోళం నోరు జారాడు, ఆ ఎన్నిక ఓడిపోయాడు. అప్పట్నుంచి నా చెయ్యి కళ్ళజోడు దగ్గరికి వెళ్తే చాలు, నీళ్ళ గ్లాసు అందుకుంటాడు. దాంతో నాకు సభల్లో ముక్కు దురద పెట్టినా ఓర్చుకోవడం అలవాటైంది. అద్దాల మీద వాన చినుకులు పడినా అలాగే ఉంచుకుంటాను.

తన కళ్ళజోడు మాత్రం చొక్కా అంచుతో తుడుస్తాడు. గీతలు పడతాయి బావా అని మొత్తుకుంటూనే ఉన్నాను. మెత్తటి గుడ్డ జేబులో పెట్టి పంపితే దాంతో చేతులు తుడుచుకుంటాడు.

సాయంత్రం వరకూ కూర్చున్నాను. బోర్డు మీద చివరి వరుస నాకు ఇంకా కనపడుతోంది. అది చూసుకోవడానికే వెళ్ళాను.

జూన్ 18, బుధవారం

పేపర్లో ఫోటో వేశారు. ప్రత్యేక సలహాదారుల్లో ఒకణ్ణి నియమించారు. పెద్ద చదువు, చిన్న వయసు, చొక్కా మీద ఒక్క మడత లేదు. ఇస్త్రీ అని పేరు పెట్టుకున్నాను. రెండో సలహాదారు పదవి ఇంకా ఖాళీగానే ఉందని కింద చిన్నక్షరాల్లో వేశారు.

ఖాళీగా ఉంచారంటే ఎవరికోసమో ఉంచినట్టే కదా. ఈ మాటే మా ఆవిడతో అన్నాను.

"ఎవరికోసమంటారు?" అంది, నవ్వాపుకుంటూ.

"నాకేం తెలుసు?"

"అయ్యో, మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది" అని కాఫీ నా ముందు పెట్టి వెళ్ళింది. పుల్లవిరుపు మాటలకి మా ఇంట్లో కరువు లేదు.

జూన్ 21, శనివారం

అక్క ఫోన్ చేసింది.

"ఏరా తమ్ముడూ, అలిగావా?"

"నేనెందుకు అలుగుతాను?"

"చిన్నప్పుడు కూడా ఇలాగే అనేవాడివి. మంచం కింద నుంచి."

బుధవారం టౌన్ హాల్లో ఉద్యోగుల సభట. బావ మొదటి పెద్ద ఉపన్యాసం. పాసు పంపిస్తానంది. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

"మీ బావ నీకో మాట చెప్పాలని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నార్రా. ఫోన్ తీసి నీ నంబరు దాకా వెళ్ళి మళ్ళీ పెట్టేస్తున్నారు. ఆ మాట నోట్లోనే నానుతోంది."

"ఏం మాట?"

"ఆయన్నే చెప్పనీ. నాకెందుకు మధ్యలో."

ఏం మాటో నాకు అర్థమైంది. ఇంత చిన్న సంగతికి మొహమాటం ఎందుకో. అడిగితే నేను కాదంటానా? షాపు మా ఆవిడ చూసుకోగలదు. నాకన్నా బాగా బేరమాడుతుంది.

జూన్ 25, బుధవారం

హాలు కిటకిటలాడింది. చివరి కుర్చీలో అప్పటికే ఎవరో ఉంటే, బతిమాలి పక్కకి జరిపి ఆ కుర్చీయే సంపాదించాను. వేదిక నిండా కొత్త మొహాలు. ఇస్త్రీ వంగి బావ చెవిలో ఏదో చెప్తున్నాడు. బావ వినడం లేదు, హాలంతా వెతుకుతున్నాడు. నన్ను చూశాడు. బిగుసుకున్న భుజాలు దిగాయి.

చిక్కిపోయాడు. కాలర్ వదులైంది. కానీ బాగా మాట్లాడాడు, ఒక్క పొల్లు మాట లేదు. చివరికొచ్చేసరికి కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"నేను మాట్లాడటం కాలేజీలో నేర్చుకోలేదు. ఒక దుకాణం వెనక, ఇద్దరు నిలబడితే ఇరుకయ్యే గదిలో నేర్చుకున్నాను. నేను నమ్మని మాట ఒక్కటి కూడా నా నోటి నుంచి బయటికి రానివ్వని మనిషి అక్కడ ఉన్నాడు."

పేరు చెప్పలేదు. చెప్పకపోతేనేం. కళ్ళు నిండిపోయాయి, అద్దాలు మసకబారాయి. ముసలితనం, ఇంకేముంది. తీసి తుడుచుకున్నాను.

తుడుచుకుంటుంటే వినపడింది. "ఆ మనిషి ఇచ్చిన ధైర్యంతోనే ఇవాళ ఒక నిబంధన ప్రకటిస్తున్నాను. మంత్రుల పేషీల్లో..."

అక్కడ ఆగింది. అద్దాలు పెట్టుకుని చూసేసరికి బావ నీళ్ళ గ్లాసు పట్టుకుని నావైపే చూస్తున్నాడు. రెండు గుక్కలు తాగాడు. "ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం, సెలవు" అని కూర్చున్నాడు. ఇస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

గొంతు ఎండిపోయి ఉంటుంది. అంతసేపు మాట్లాడితే ఎవరికైనా ఎండుతుంది.

జూన్ 26, గురువారం

మొదటి పేజీలో పెద్దక్షరాలు: "బావమరిది కోసమే ఆగిందా?"

ఆ నిబంధన ఏమిటో విలేకరులకి ముందే చెప్పి ఉంచారట. మంత్రుల బంధువులను ఎవరినీ పేషీల్లో గానీ సలహాదారులుగా గానీ నియమించకూడదు. చదువుతుంటే మింగిన కాఫీ మింగినచోటే ఆగిపోయింది.

పేషీ అంటే పెళ్ళివారిల్లు కాదు. ఎన్నికల్లో ఊరూరా మోగిన మాట. దాన్ని అన్నది నేనే, ఆ వెనక గదిలోనే. పాత మంత్రుల చుట్టూ వియ్యంకులూ తోడల్లుళ్ళూ బావమరుదులూ మూగారని పేపర్లో చదివి, ఒళ్ళు మండి అన్నాను. బావ పగలబడి నవ్వి రాసుకున్నాడు. నేనన్నది వేరేవాళ్ళ బావమరుదుల గురించి.

అంటే బావ నాకు చెప్పలేక తిరిగిన మాట ఇదా? కాదు. ఇదే అయితే చెప్పేసేవాడుగా. చివరి నిమిషంలో మానుకున్నాడు. నా మొహం చూశాక మానుకున్నాడు. మనసొప్పలేదు.

షాపు ముందు కెమెరాలు. ఒక విలేకరి కళ్ళ పరీక్షకని లోపలికొచ్చి కూర్చున్నాడు. బోర్డు మీద అక్షరాలు చదవమంటే, "మీరు పదవిలో ఎప్పుడు చేరుతున్నారు సార్?" అన్నాడు. చూపు బాగానే ఉంది, వెళ్ళి రమ్మన్నాను.

జూన్ 27, శుక్రవారం

చొక్కా కుట్టడానికిచ్చాను. తెల్లది. ఉన్నవన్నీ పాతబడ్డాయి.

మా ఆవిడ ఈసారి నవ్వలేదు.

జూన్ 30, సోమవారం

మధ్యాహ్నం ఇస్త్రీ వచ్చాడు. సందులో నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మనిషిలా కనిపించాడు. కౌంటర్ మీద చెయ్యి ఆనించి, మాట ఎలా మొదలెట్టాలో తెలియక కాసేపు ఫ్రేములు చూశాడు.

"సార్, ఆ నిబంధనలో మీకు ఏ వాక్యం నచ్చలేదో చెప్తే మార్చేస్తాం."

"నేనేమన్నానయ్యా?"

"మీరు వద్దన్నారు కదా సార్. కళ్ళజోడు తుడిచారట."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

వాడు చెప్పుకుపోయాడు. ఆ రోజు నుంచీ పై నుంచి ఫోన్లట, చట్టసభలో గొడవట, బంధువు కోసం మాట మింగిన మంత్రి రాజీనామా చేయాలని అరుపులట. రేపే ప్రకటించేద్దామని వీళ్ళంతా కాళ్ళావేళ్ళా పడుతున్నారట. బావ ఒక్కటే మాటట. "వెనక నుంచి వద్దన్నాడు. వాడు ఊరికే తుడవడు. ఎక్కడో తప్పుండే ఉంటుంది. వాణ్ణి అడిగేదాకా కదిలేది లేదు."

"మరి అడగొచ్చుగా" అన్నాను.

"ఫోన్లో అడగకూడదట. ఇక్కడికొచ్చే అడగాలట. ఈ కెమెరాల మధ్య ఇక్కడికొస్తే ఇంకేమైనా ఉందా సార్? మేమే ఆపాం. నన్ను కూడా రావద్దనే అన్నారు. చెప్పకుండా వచ్చాను."

అని నా మొహంలోకి చూశాడు. కళ్ళ కింద నల్లటి చారలు. వీడు కూడా నిద్రపోవడం లేదు.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

ఎందుకన్నాను ఆ మాట? ఆలోచించడానికి ఏముంది?

జూలై 1, మంగళవారం

చెప్పలేదు.

జూలై 2, బుధవారం

ఇవాళ కూడా చెప్పలేదు. షాపులో జనం ఎక్కువగా ఉన్నారు.

లేరు. ముగ్గురొచ్చారు. నాకు నేనే రాసుకునేదాన్లో కూడా బొంకడం ఎందుకు?

చెప్పనంతసేపూ ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. అదీ సంగతి. నేను నోరు విప్పితే నిబంధన వస్తుంది, నిబంధన వస్తే ఆ తలుపు నాకు మూసుకుంటుంది. ఇన్నేళ్ళూ గొడుగు పట్టాను, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పాను, ఓడిపోయిన రోజున పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉన్నాను. జీతం కోసం కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వీడు నావాడని కాగితం మీద రాయించుకోవాలని ఉంది. ఇంత వయసొచ్చి చిన్నపిల్లాడిలా.

చొక్కా కుట్టి ఇచ్చారు. వేసుకుని చూసుకున్నాను. బాగుంది.

జూలై 3, గురువారం

సాయంత్రం టీవీలో బావని చూశాను. చట్టసభలో నిలబడి ఉన్నాడు, చుట్టూ కేకలు. "మీ బావమరిదికి ఏ గది ఇస్తున్నారు?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. బావకి మాటలు రాక కాదు. ఒక్క మాటతో వాళ్ళ నోళ్ళు మూయించగలడు. చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా నిలబడ్డాడు. నేను వద్దన్నానని.

మా ఆవిడ టీవీ ఆపేసింది. నా పక్కన కూర్చుంది.

"ఆ రోజు మీరు ఏడ్చారు కదూ?" అంది.

"అద్దాలకి మసక పట్టింది."

"నేనడిగింది అద్దాల గురించి కాదు."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. పుల్లవిరుపు మాట ఒక్కటీ అనలేదు. అంటే బాగుండేది.

"పొద్దున్నే వెళ్ళండి" అంది.

జూలై 4, శుక్రవారం

పాత చొక్కాయే వేసుకుని వెళ్ళాను.

పేషీ రెండో అంతస్తులో ఉంది. పొడవాటి గది, ఇరువైపులా బల్లలు, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. హారన్ నన్ను చూసి ఎదురొచ్చాడు. ఆ చివర, కిటికీ పక్కన ఒక కుర్చీ. రెండో సలహాదారుది. కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"అందులో కూర్చోండన్నా. ఎవరూ లేరుగా."

కూర్చోలేదు. వీపు ఆనే చోట చేత్తో ఒత్తి చూశాను. కవరు చప్పుడు చేసింది. ఇస్త్రీ దూరం నుంచి చూసి తల దించుకున్నాడు.

లోపలికి వెళ్ళగానే బావ లేచి నిలబడ్డాడు. లేచినవాడు ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఏం అలిగానో, ఎందుకు అలిగానో, ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు.

"బావా, ఆ రోజు నేను తుడిచింది నీకోసం కాదు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వెనక గది గురించి అన్నావు కదా. అంతే."

బావకి నవ్వు మొదలైంది. బల్ల పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్, ఆ నిబంధన అక్షరం అక్షరం తిరగేశాన్రా. నువ్వెక్కడ తప్పు పట్టావో బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతు చిక్కలేదు. చివరికి కామాలు కూడా మార్చాను."

"తప్పేం లేదు. నా మాటే కదా అది."

"నీ మాటే. అందుకే నీకు చెప్పడానికి నోరు రాలేదు." నవ్వు ఆగిపోయింది. "అది వస్తే నీకు..."

"తెలుసు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉంది. నాకా కుర్చీ కావాలనిపించింది బావా, అబద్ధమెందుకు? కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను. నీ సలహాదారొచ్చి అడిగినా మూడ్రోజులు చెప్పకుండా ఊరుకున్నాను. నిన్ను వాళ్ళు సభలో అన్ని మాటలంటున్నా ఊరుకున్నాను."

బావ బల్ల చుట్టూ తిరిగొచ్చి నా పక్కన, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. మా మోకాళ్ళు తగిలాయి. వెనక గదిలో కూడా ఇలాగే తగిలేవి.

"నిబంధన లేకపోయినా నిన్ను వేసేవాణ్ణి కాదురా."

"పనికిరాననా?"

"నేను వేసినవాణ్ణి నేను తీసేయొచ్చు. రేపు ఈ పదవి నా తలకెక్కుతుంది. ఎక్కకుండా ఉంటుందా, నా సంగతి నీకు తెలియదా? నువ్వు అద్దాలు తుడుస్తావు. నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క సంతకం చాలు నిన్ను ఇంటికి పంపడానికి. బయట ఉన్న వాళ్ళందరినీ తీసే అధికారం నాకుంది. నిన్ను తీసే అధికారం నాకొద్దు."

"కాలర్ వదులైంది. వేళకి తిను" అన్నాను.

"మీ అక్క కూడా అదే అంటోంది" అన్నాడు. అని నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు. బయట ఫోన్లు మోగుతున్నాయి. ఎవరూ లోపలికి రాలేదు.

జూలై 9, బుధవారం

అదే హాలు, అదే కుర్చీ. కొత్త చొక్కా వేసుకున్నాను. కుట్టించుకున్నాక వేసుకోకపోతే ఎలా?

ఇస్త్రీ వేదిక మీద నిలబడి, బావని చూడటం మానేసి నన్నే చూస్తున్నాడు. నా చెయ్యి కాస్త పైకి లేస్తే చాలు, ప్రాణం పోయేలా ఉన్నాడు. పాపం, చెంప గోక్కుందామన్నా భయమేసింది నాకు.

బావ సూటిగా విషయంలోకి వచ్చాడు.

"పేషీ అంటే పెళ్ళివారిల్లు కాదు. ఈ మాట మా బావమరిది అన్నాడు. ఇవాళ్టి నుంచి మంత్రుల బంధువులెవరూ ఏ పేషీలోనూ ఉండరు, సలహాదారులుగా ఉండరు. ఈ నిబంధన మొదట వర్తించేది మా ఇంటికే. నేను రెండు వారాల కిందటే చెప్పాల్సింది. ఒక మనిషి అనుమతి లేకుండా చెప్పలేకపోయాను. ఆ మనిషికి నేను ఏ పదవీ ఇవ్వలేదు. ఇవ్వలేను. ఆయన నాకేమిటో చెప్పడానికి ప్రభుత్వం దగ్గర పదవి లేదు."

అంతే. నాకు మొత్తం హాలు కరిగిపోయింది. వేదిక లేదు, దీపాలు లేవు, తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. నీళ్ళు అద్దాల వెనక నిండి చెంపల మీదికి కారుతున్నాయి. పక్కనున్నాయన జేబు రుమాలు అందించాడు. వద్దని తల ఊపాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. బావ ఇంకా మాట్లాడుతున్నాడు. ఎలా నియమిస్తారో, ఎవరు పరీక్షిస్తారో, అర్హతలు ఎక్కడ ప్రకటిస్తారో ఒక్కొక్కటే చెప్తున్నాడు. చివర్లో కాస్త సాగదీశాడు కూడా. మామూలుగా అయితే అక్కడ తుడిచి ఉండేవాణ్ణి. కదల్లేదు. చివరి మాట దాకా వెళ్ళాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు కూడా చేతులు తీయలేదు, అందుకని నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టలేదు.

హాలు నుంచి నేరుగా షాపుకే వచ్చాను. సందులో కెమెరా ఒక్కటీ లేదు. ఇక వాళ్ళకి ఇక్కడేం పని? వెనక గదిలో లైటు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి సందు మొదట్లో హారన్ మోగింది. ఖాళీ సందులో.

బావ ఒక్కడే లోపలికొచ్చాడు. ఎప్పటిలాగే కుర్చీ పక్కన నిలబడి బోర్డు వైపు చూశాడు.

"చివర్లో కాస్త పొడుగైంది కదూ?" అన్నాడు.

"అయింది."

"మరి తుడవలేదేం?"

నా అద్దాల మీద కన్నీళ్ళు అప్పటికి ఎండి తెల్లటి చారలు కట్టాయి. బావ వంగి చూశాడు. నా ముక్కు మీద నుంచి కళ్ళజోడు మెల్లగా తీశాడు. నోటితో ఆవిరి ఊది, చొక్కా అంచు బయటికి లాగి, ఒక్కో అద్దం పట్టుకుని గుండ్రంగా తుడిచాడు. వెలుతురుకెత్తి చూసి మళ్ళీ తుడిచాడు. తెచ్చి నా చెవుల మీద సరిగ్గా కూర్చోబెట్టాడు.

గీతలు పడతాయని ఈ ఒక్కసారికి అనలేదు.